ఇళ్లలో రికార్డయిన పాటకూ మీ అరల్లో చోటివ్వండి

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని అమెరికన్ ఫోక్‌లైఫ్ సెంటర్ డైరెక్టర్ గారికి,



తెలుగులో ఉత్తరమేమిటని మీరు విసుక్కోరనే నా నమ్మకం. మీ లైబ్రరీ 1962లో ఢిల్లీలో తెరిచిన కార్యాలయం మా పుస్తకాలు కొని వాషింగ్టన్‌కు పంపుతూనే ఉంది. 2000లో అదే కార్యాలయం దక్షిణాసియా రచయితలను మైకు ముందు కూర్చోబెట్టి, వాళ్ల రచనలు వాళ్లచేతే చదివించి రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఆ రికార్డుల్లో మా తెలుగు గొంతులూ ఉన్నాయి. కాబట్టి ఈ ఉత్తరం చదివిపెట్టేవాళ్లు మీ దగ్గరే దొరుకుతారు. దొరక్కపోతే నార్త్ కరొలైనాలోని కేరీ నుంచి నేనే వచ్చి చదివి వినిపిస్తాను. పైగా ఇది మీతోపాటు మావాళ్లు కూడా చదవాలి.

నేను రాస్తున్నది రెవరెండ్ గ్యారీ డేవిస్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆయన పాటలు నేర్చుకుని, ఇంట్లో కూర్చుని వాయించి, ఫోన్‌లోనో చిన్న రికార్డర్‌లోనో పట్టి, ఆయన పుట్టినరోజుకో వర్ధంతికో ఒకరికొకరు పంచుకునే మామూలు మనుషుల గురించి. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రికార్డింగులను మీ ఆర్కైవ్‌లోకి తీసుకోండని అడగడానికే ఈ ఉత్తరం. అభిమానుల సరదా అని పక్కన పెట్టేయకుండా, ఒక విద్య చేతులు మారిన తీరుకు సాక్ష్యంగా తీసుకోండి.

మీకు తెలిసినదే అయినా, మావాళ్ల కోసం ఆయన సంగతి కొంత చెప్పాలి. డేవిస్ 1896 ఏప్రిల్ 30న సౌత్ కరొలైనా రాష్ట్రం లారెన్స్ కౌంటీలో పుట్టారు. తల్లికి ఎనిమిది మంది పుడితే పెద్దవాడయ్యేదాకా బతికింది ఆయనొక్కరే. పసికందుగా ఉండగానే చూపు పోయింది. అవ్వ పెంచింది. గిటారు ఒకరు కూర్చోబెట్టి నేర్పింది కాదు, విని విని పట్టుకున్నదే. తర్వాత నార్త్ కరొలైనాలోని డర్హమ్ చేరారు. డర్హమ్ పొగాకు ఊరు. నాది ఒంగోలు, పొగాకు ఊరంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మా ప్రకాశం జిల్లా రైతు పండించేదాని పేరే వర్జీనియా పొగాకు. వేలం ముగిసి, రైతు చేతిలో డబ్బు ఆడే ఆ కొద్ది రోజులే ఊళ్లో హోటలువాడికీ బట్టల కొట్టువాడికీ పండగ. డర్హమ్‌లో గోదాముల బయట వీధి గాయకులకూ అవే పండగ రోజులు. డేవిస్ అక్కడ నిలబడి వాయించారు. బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అనే మరో అంధ గాయకుడికి తన విద్య నేర్పారు. ఫుల్లర్ ఆ చదువుతో డేవిస్ కంటే ముందు పేరు తెచ్చుకున్నాడు.

ఆ గోదాముల్లో కొన్ని ఇప్పుడు ఆఫీసులు, హోటళ్లు. కేరీలో మావాళ్లు కట్టుకున్న వెంకటేశ్వరస్వామి గుడి నుంచి అక్కడికి కారులో అరగంట లోపే. ఈ చుట్టుపక్కల ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి. డర్హమ్‌లో ఫుల్లర్, డేవిస్‌ల పేర్లతో రాష్ట్రం పెట్టిన చారిత్రక ఫలకం పక్కనుంచే ఎందరో వెళ్తుంటారు. ఆగి చదివినవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు. నిష్ఠూరమాడటం లేదు. ఆ ఫలకం మీద పేరున్న మనిషిని కొంచెం పరిచయం చేస్తే ఆగుతారని ఆశ, అంతే.

1935 జులైలో జె.బి. లాంగ్ అనే దుకాణం మేనేజరు ఫుల్లర్‌నూ డేవిస్‌నూ న్యూయార్క్ తీసుకెళ్లి రికార్డు చేయించాడు. బ్లూస్ అయితే అమ్ముడవుతుంది. డేవిస్ మాత్రం రెండంటే రెండు బ్లూస్ పాడి, మిగతావన్నీ దేవుడి పాటలే పాడారు. డబ్బు దగ్గర పేచీ వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన స్టూడియో గడప తొక్కలేదు. ఆ దశాబ్దంలోనే బాప్టిస్టు పాస్టరయ్యారు. 1944లో భార్య ఆనీతో న్యూయార్క్ చేరి, హార్లెమ్ వీధుల్లో పాడుతూ, ప్రసంగిస్తూ బతికారు. 1960లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో 'హార్లెమ్ స్ట్రీట్ సింగర్' రికార్డు చేసేనాటికి ఆయనకు అరవై నాలుగేళ్లు. 1962లో పీటర్, పాల్ అండ్ మేరీ తమ మొదటి ఆల్బమ్‌లో ఆయన పాడే, బైబిల్లోని సంసోను కథ మీది పాటను పాడారు. దాని మీద వచ్చిన రాయల్టీతో ఆయన క్వీన్స్‌లోని జమైకాలో ఇల్లు కొనుక్కున్నారు. 1972 మే 5న న్యూజెర్సీలో కచేరీకి వెళ్తూ దారిలో గుండెపోటుతో పోయారు.

ఇక ఆ వేళ్లు. కుడిచేతిలో రెండే పనిచేసేవి: బొటనవేలు, చూపుడువేలు. రెండింటికీ పిక్‌లు తొడిగేవారు. మిగతా మూడింటికీ సెలవు. ఆ రెండింటితోనే బేస్, నడక, రాగం, మధ్యలో మెరుపులా పరుగెత్తే గమకాల వంటి స్వరాల వరసలు, అన్నీ పలికేవి. మంచు మీద జారిపడి ఎడమచేతి మణికట్టు విరిగితే, ఎముక సరిగా అతుక్కోక చెయ్యి వంకరగా మిగిలింది. మామూలు చేతికి కష్టమైన కొన్ని పట్లు ఆ వంకర వల్లే ఆయనకు సులువయ్యాయంటారు. ఎడమ బొటనవేలిని గిటారు మెడ పైనుంచి తిప్పి తెచ్చి ఆరో తీగను నొక్కేవారు. తన పెద్ద గిబ్సన్ గిటారును 'మిస్ గిబ్సన్' అని పిలిచేవారు. పాడుతూ పాడుతూ చరణం సగంలో నోరు మూసుకుని, మిగతా సగం ఆవిడ చేత పలికించేవారు. వినేవాడికి ఆ పాట తెలిస్తే ఆ మాటలు గిటారులో వినిపిస్తాయి. తెలియకపోతే తెలుసుకుని మళ్లీ వింటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంత విద్య మనకు మిగిలింది స్టూడియోల వల్ల మాత్రమే కాదు. స్టూడియోలు ఆయన్ని పట్టించుకున్న ఏళ్లు తక్కువ. ఎలిజబెత్ లిటిల్టన్ హెరాల్డ్ 1951లో ఆయన్ని కూర్చోబెట్టి జీవితమంతా చెప్పించుకుంది. 1953లో జాన్ కోహెన్ ఆయన ఇంట్లో పాటలు పట్టాడు. ఆ టేపు యాభై ఏళ్లాగి 2003లో స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ ద్వారా బయటికొచ్చింది. ఆ తర్వాతి వంతు శిష్యులది. స్టెఫాన్ గ్రాస్‌మన్ బ్రూక్లిన్ కుర్రాడు, పదిహేనేళ్ల వయసులో గిటారు, టేప్ రికార్డరు పట్టుకుని గురువుగారి ఇంటికి వెళ్లాడు. పాఠానికి ఐదు డాలర్లు. గడియారం చూసే పద్ధతి లేదు, పొద్దున వెళ్లినవాడు చీకటి పడ్డాక బయటికి రావచ్చు. ఇంట్లోనూ చర్చిలోనూ 1962 నుంచి 1967 దాకా పట్టిన ఆ టేపులు తర్వాత డిస్కులుగా వచ్చాయి. 1962లో గెర్డీస్ ఫోక్ సిటీ క్లబ్బులో ఆయన పాడిన రాత్రిని పట్టింది కూడా ఆ కుర్రాడే. రాయ్ బుక్ బైండర్, ఎర్నీ హాకిన్స్, వుడీ మాన్, డేవిడ్ బ్రామ్‌బర్గ్, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికి చెందిన బాబ్ వియర్... ఎవరి వంతుకు వాళ్లు ఆ గుమ్మం తొక్కారు.

ఆ పాఠాల టేపుల్లో స్టూడియోకు దొరకనిది ఒకటుంది. పాస్టరయ్యాక డేవిస్ జనం ముందు బ్లూస్ పాడటానికి చాలాకాలం వెనకాడారు. అవి లోకపు పాటలు, ఆనీ గారికీ నచ్చేవి కావు. అదే శిష్యుడు అడిగితే మాత్రం పాఠం కదా అని వాయించి చూపించేవారు. అంటే ఆయన వేదిక మీద దాచుకున్న సగం సంగీతం శిష్యుల గదుల్లో తిరిగిన టేపుల వల్లే మనదాకా చేరింది. ఆ రోజున ఎవరైనా ఆ కుర్రాళ్లతో "ఇదేం రికార్డింగ్, గది చప్పుడంతా పడుతోంది, ఆపెయ్యండి" అని ఉంటే ఏమయ్యేదో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు మేం చేస్తున్నది ఆ కుర్రాళ్లు చేసిన పనికి కొనసాగింపు. ఒకడు గ్యారేజీలో కూర్చుంటాడు. ఒకావిడ పిల్లల్ని నిద్రపుచ్చి గొంతు తగ్గించి పాడుతుంది. నా రికార్డింగుల్లో ఒకదాంట్లో మా ఇంటి కుక్కర్ మూడు కూతలు కూసింది, అవి ఆ పాట శ్రుతికి కొంచెం ఎక్కువ. గొప్ప వాయిద్యం వినాలనుకునేవాళ్లు ఇవి విననక్కర్లేదు, వాళ్లకు డేవిస్ ఉన్నారు, హాకిన్స్ ఉన్నారు. వీటిలో వినవలసింది వేరే.

ఒక ఉదాహరణ చెబుతాను. డేవిస్ వాయించిన 'కేండీమ్యాన్'లో బొటనవేలి బేస్ తలకిందులుగా నడుస్తుంది. కింది స్వరం పడాల్సిన దెబ్బకు పైది పడుతుంది, పైది పడాల్సిన చోట కిందిది. విని నేర్చుకున్నవాళ్లలో కొందరు తమకు తెలియకుండానే దాన్ని సరిచేసేస్తారు. చెయ్యి తనకు అలవాటైన దారికే పోతుంది. శిష్యుల దగ్గర పాఠం చెప్పించుకున్నవాడు ఆ తిరగబడ్డ నడకను అలాగే నిలుపుకుంటాడు. ఇద్దరి రికార్డింగులూ పక్కపక్కన పెడితే ఎవరి పాట ఏ గుమ్మం దాటి వచ్చిందో చెవికే తెలుస్తుంది. గిటారిస్టు యోర్మా కౌకోనెన్ నేరుగా డేవిస్ శిష్యుడు కాడు, డేవిస్ దగ్గర నేర్చుకున్న ఇయన్ బుకానన్ దగ్గర కాలేజీ రోజుల్లో నేర్చుకున్నాడు. 1970లో అతని బృందం హాట్ టూనా మొదటి ఆల్బమ్ వచ్చాక దాన్ని విని గిటారు పట్టినవాళ్లు ఎందరో. అంటే వాళ్లది నాలుగో తరం. డేవిస్ పెట్టిన ఒక వేలు నాలుగో తరానికి వచ్చేసరికి ఎక్కడ ఉంది, ఎక్కడ జారిపోయింది, ఎవరు ఎందుకు మార్చారు? ఈ ప్రశ్నలకు జవాబులు ఏ స్టూడియో రికార్డులోనూ లేవు, మా ఇళ్లలో ఉన్నాయి.

మా సంగీతంలో ఇది కొత్త సంగతి కాదు. త్యాగరాజస్వామి తెలుగులో పాడుకున్న కృతులు మనకు ఆయన చేతిరాతలో రాలేదు, శిష్యుల నోళ్ల నుంచీ నోటు పుస్తకాల నుంచీ వచ్చాయి. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం అని మూడు శిష్య పరంపరలు చెబుతారు. ఒకే కృతి ఒక్కో పరంపరలో ఒక్కోలా ఉంటుంది. ఆ తేడాలు ఉండబట్టే అసలు ఎలా ఉండేదో ఊహించడానికి పండితులకు ఆధారం దొరికింది. వాలాజాపేట శిష్యుల రాతప్రతులను మదురైలో సౌరాష్ట్ర సభవారు దాచారు కాబట్టి ఇవాళ మనం వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. దాచేటప్పుడు "ఈ శిష్యుడి గొంతు బాగుంటుందా" అని ఎవరూ అడగలేదు. అలాగే తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు ఆయన సమాధి ముందు పంచరత్నాలు పాడేటప్పుడు మహా విద్వాంసుల వెనకాల నాలాంటి బేసూరు గొంతులూ కలుస్తాయి. ఆరాధనకు పరీక్ష పెట్టి లోపలికి పంపరు.

మీ తరఫున వచ్చే అభ్యంతరాలు నేను ఊహించగలను. నాణ్యత అంటారు. 1933లో జానపద పాటలు సేకరించే జాన్ లోమాక్స్ కొడుకు అలన్‌తో కలిసి మూడు వందల పౌండ్ల పైచిలుకు బరువున్న యంత్రాన్ని కారులో వేసుకుని లూసియానా జైలుకు వెళ్లి, అక్కడి ఖైదీ లెడ్‌బెల్లీ పాటను మీ లైబ్రరీ కోసం పట్టాడు. అది స్టూడియో కాదు. 1941లో అలన్ లోమాక్స్, జాన్ వర్క్ కలిసి మిసిసిపిలోని ఒక తోటలో పనిచేసే ట్రాక్టరు డ్రైవరు పాటను అతని ఇంట్లోనే రికార్డు చేశారు. ఆ డ్రైవరే తర్వాత పేరు మోసిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్. తన గొంతు తాను మొదటిసారి విన్నప్పుడే తానూ పాటగాణ్ణేనని నమ్మకం కుదిరిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. మీ ఆర్కైవ్ పేరు ప్రతిష్ఠలు నిలబడ్డవి ఇలాంటి రికార్డుల మీదే. గది చప్పుడును తప్పుగా మీరెప్పుడూ లెక్కించలేదు, ఇప్పుడు మొదలుపెట్టకండి.

ఇక ఎంతని దాచగలం అంటారు. మామూలు జనం ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాటలను స్టోరీకోర్ సంస్థ 2003 నుంచీ రికార్డు చేస్తుంటే, వాటిని దాచే బాధ్యత మీ సెంటరే తీసుకుంది. మాటలకు చోటున్నప్పుడు ఆ మనుషులే వాయించిన గిటారుకు చోటు లేకపోవడానికి కారణం నాకు కనబడదు. మీరు 'ఆర్కైవ్ ఛాలెంజ్' పేరుతో కళాకారులను పిలిచి, మీ దగ్గరున్న పాత పాటల్లో ఒకటి నేర్చుకుని పాడమంటున్నారు. చాలా మంచి పని. మేం అడుగుతున్నది దానికి ఇంకొక మెట్టు: కళాకారుడని ఎవరూ అనని మనిషి నేర్చుకున్న పాటను కూడా తీసుకుని, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడిగి రాసుకోండి.

అసలు చిక్కు చట్టంలో ఉంది. అది మీ చేతిలో లేదని నాకు తెలుసు, అయినా చెప్పాలి. 2018 నాటి సంగీత చట్టం ప్రకారం డేవిస్ 1935లో చేసిన రికార్డులు 2036 జనవరి ఒకటిన అందరివీ అవుతాయి. 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య పట్టినవైతే, స్టూడియోలో చేసినా ఎవరి ముందుగదిలో పట్టినా, 2067 దాకా ఆగాలి. ఆ టేపులు అంతదాకా ఆగవు. అసిటేట్ టేపు చెడిపోవడం మొదలైతే డబ్బా మూత తీయగానే పులిసిన వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చిందంటే కాలం దగ్గరపడినట్టే. డేవిస్ దగ్గర పాఠాలు చెప్పించుకున్న కుర్రాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు, కొందరు లేరు. వాళ్ల అటకల మీద ఇంకా ఏ డబ్బాలున్నాయో వాళ్ల పిల్లలకు తెలియకపోవచ్చు. కల్పెపర్‌లో కొండను తొలిచి కట్టిన బంకరులో మీకు ధ్వనిని బాగుచేసే ఏర్పాట్లున్నాయి. ఒకప్పుడు ఫెడరల్ రిజర్వు డబ్బు దాచిన చోటు అది. ఈ డబ్బాలకు అంతకంటే తగిన చోటు నాకు తోచదు. ఇవాళ మా ఫోన్లలో పట్టినవీ అంత భద్రమేమీ కాదు. ఫోను మారితే పోతాయి, మనిషి పోతే ఆ ఫోను తెరిచేవాడుండడు.

పాట ఎవరిదన్న గొడవకూ డేవిస్ జీవితంలోనే జవాబుంది. ఆయనకు ఇల్లు కొనిపెట్టిన సంసోను పాటను 1927లోనే బ్లైండ్ విల్లీ జాన్సన్ రికార్డు చేశాడు. అంతకుముందు ఎన్ని చర్చిల్లో ఎందరు పాడుకున్నారో లెక్క లేదు. డేవిస్ దాన్ని తన వేళ్లతో మలిచి తనదిగా చేసుకున్నారు, రాయల్టీ ఆయనకు రావడం న్యాయమే. ముసలితనంలో సొంత గుమ్మం దక్కిన వీధి గాయకులు ఎంతమంది? అదే పాటను వంటింట్లో పాడి ఆయన పేరు చెప్పి పంచినవాడిని దొంగ అనడం మాత్రం న్యాయం కాదు. పేరు చెప్పకుండా పంచేవాళ్లున్నారు, వాళ్ల తరఫున నేను మాట్లాడటం లేదు.

మావైపు లోపం ఒకటి కూడా మీ ముందు పెట్టాలి. నేను చూసినంతలో ఈ రికార్డింగులు చేసేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, మగవాళ్లు, నడివయసు దాటినవాళ్లు. వాళ్లు రాగ్‌టైమ్ వరసలు అద్భుతంగా వాయిస్తారు. దేవుడి పాట దగ్గరికి వచ్చేసరికి గిటారు వంతు వరకే వాయించి నోరు విప్పరు. డేవిస్ తనను తాను మొదట ప్రసంగీకుడిగా భావించుకున్న నల్లజాతి పాస్టర్. మా తాతగారు ఒంగోలు బాప్టిస్టు సంఘంలో హార్మోనియం వాయించేవారు. ఆదివారం పాటకూ ప్రసంగానికీ మధ్య గీత ఉండదని నాకు చిన్నప్పుడే తెలుసు. పాట ఆపి వాక్యం చెబుతారు, వాక్యం వేడెక్కగానే మళ్లీ పాట అందుకుంటారు. డేవిస్ రికార్డుల్లో ఆ వాక్యం దాటేసి గిటారు ముక్క దగ్గరికి గెంతేవాళ్లను చూస్తే, అన్నం వదిలేసి ఊరగాయ నాకినట్టు ఉంటుంది నాకు. ఇంకొందరు ఆయన బొంగురు గొంతునూ దక్షిణాది నల్లజాతి యాసనూ అనుకరించబోతారు. దానికంటే నోరు మూసుకుని వాయించడమే మేలు.

అందుకని పిలుపునిచ్చేటప్పుడు గిటారు సంఘాలకు మాత్రమే చెప్పి ఊరుకోకండి. డర్హమ్‌లో, లారెన్స్‌లో, హార్లెమ్‌లో నల్లజాతి చర్చిలకు వెళ్లండి. ఆ పాటలు అక్కడ డేవిస్ పేరు లేకుండానే ఇంకా పాడుతుండవచ్చు. మెలన్ ఫౌండేషన్ డబ్బుతో మీరు 2021లో మొదలుపెట్టిన పథకం ఎవరి సంస్కృతిని వాళ్లే నమోదు చేసుకోవడానికి కదా. అలాంటిదే ఒకటి ఈ ఊళ్ల చర్చి గాయకుల చేతికివ్వండి. పక్క ఊళ్లో ఉన్నవాణ్ణి, మైకులు మోయడానికి, తీగలు చుట్టడానికి నేనొస్తాను. కేరీలో ఇంకో నలుగురిని కూడా తీసుకొస్తాను.

నేను అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఏటా ఏప్రిల్ 30 చుట్టూ ఒక నెలపాటు రికార్డింగులు తీసుకోండి. ఒక మనిషికి ఒకటే పాట. దానితోపాటు ఒక పేజీ: ఈ పాట ఎవరి దగ్గర, ఏ రికార్డు నుంచి, ఏ ఊళ్లో నేర్చుకున్నారు, గిటారు ఏ శ్రుతిలో ఉంది, ఎన్ని వేళ్లు వాడారు, తెలిసి మార్చిందేమిటి. నా దృష్టిలో ఆ పేజీ లేని రికార్డింగుకు సగమే విలువ. పేజీ ఉంటే, ఎంత తడబడిన వాయింపైనా యాభై ఏళ్ల తర్వాత పరిశోధకుడికి పనికొస్తుంది. చట్టం ఒప్పుకోనివాటిని జనానికి వినిపించకండి. దాచి ఉంచండి, అడిగి వచ్చినవాళ్లకు మీ రీడింగ్ రూములో వినిపించండి.

నాతోటి అభిమానులకు కూడా ఇక్కడే రెండు మాటలు. చెయ్యి పూర్తిగా కుదిరాక రికార్డు చేద్దామని ఆగకండి, డేవిస్ పాటలో అలా కుదరడమన్నది మన తరంలో జరిగే పని కాదు. కుక్కర్ కూతను ఎడిటింగ్‌లో తీసేయకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో పాటకు ముందే మీ నోటితో చెప్పండి. ఫోనులో ఉన్నది ఇంకో రెండు చోట్లకు ఎక్కించండి. మీకు నేర్పినవాళ్లు బతికి ఉంటే ఈ ఆదివారమే వెళ్లి వాళ్లను మాట్లాడించి రికార్డు చేయండి. వాళ్ల అటక మీద టేపు డబ్బాలుంటే మూత తీసి వాసన చూడండి.

డైరెక్టర్ గారూ, 1951లో ఒక అంధ వీధి గాయకుడి కథ గంటల తరబడి వినడానికి ఒక మనిషి ఓపిగ్గా కూర్చుంది కాబట్టే ఆయన బాల్యం గురించి మనకు ఇంత తెలిసింది. ఆ మాటలు ఇప్పుడు ఆయన పాట నేర్చుకున్నవాళ్ల మాటలతో కలవాలి. వచ్చే ఏప్రిల్ 30కి పిలుపునివ్వండి. పాటలు పంపడానికి మేం సిద్ధంగా ఉన్నాం. ఎవరికి పంపాలో, ఏ రూపంలో పంపాలో మీరు చెప్పండి.

ఇట్లు,
కేరీ, నార్త్ కరొలైనా నుంచి
ఒక గిటారు విద్యార్థి